అంగిలి సంగతి

పిల్లవాడికి నాలుగున్నర నెలలు. ఎడమవైపు పైపెదవి, చిగురు, అంగిలి మూడూ చీలి పుట్టాడు. పెదవికి గత నెల విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. అంగిలికి ఇంకా కాలేదు. ఎందుకిలా పుట్టాడు, అంగిలికి కూడా చేయించాలా, చేయిస్తే ఎప్పుడు? శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఇంట్లో ఈ ప్రశ్నల మీద మేనమామకూ మేనకోడలికీ నడిచిన వాదం ఇది. మేనమామ ఆ పిల్లవాడికి స్వయానా తాత. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. పంచాంగం చూడనిదే ప్రయాణం పెట్టుకోరు. మేనకోడలు స్పీచ్ థెరపిస్టు. పలుకు సరిగా రాని పిల్లలతోనే ఆమెకు పొద్దు గడుస్తుంది.

మేనమామ: చూడమ్మా, చిన్న గీత తప్ప ఏమీ కనపడట్లేదు. ముక్కు ఓ పక్కకి కాస్త అణిగినట్టుంది, పెద్దయ్యాక సర్దుకుంటుంది. ఫొటో తీస్తే తెలియను కూడా తెలియదు. ఇక వాడిని మళ్లీ కత్తి కిందకి పంపడం ఎందుకు?

మేనకోడలు: పెదవి చక్కగా కుట్టారు మామయ్యా. చర్మం ఒక్కటే కాదు, నోటి చుట్టూ ఉండే కండరాన్ని కూడా వెతికి కలిపారు. అందుకే ఏడ్చినా పెదవి రెండు పక్కలా సమంగా కదులుతోంది. ఆ గీతను ముక్కు కింద ఉండే సహజమైన గట్టులో కలిసిపోయేలా తిప్పడం రాల్ఫ్ మిలార్డ్ అనే అమెరికన్ సర్జన్ కొరియాలో పనిచేస్తూ కనిపెట్టిన పద్ధతి. 1955లో స్టాక్‌హోమ్ సభలో చెప్పాడు. ఇప్పటికీ చాలామంది సర్జన్లకు అదే ఆధారం. పెదవి గురించి నాకు బెంగ లేదు. వాడి నోరు తెరిచి లోపల చూశారా?

మేనమామ: చూశాను. అంగిలి కదా. నోట్లో ఎవరు చూస్తారు?

మేనకోడలు: చూడరు. కానీ అందరూ వింటారు.

మేనమామ: వినడానికి వాడికింకా మాటలేవి? పాలు తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. అంతకంటే ఏం కావాలి?

పాలు తాగుతున్నాడన్న మాట నిజమే. ఎలా తాగుతున్నాడో కూడా చెప్పాలి. తల్లి వాడిని పడుకోబెట్టదు. మోచేతి మడతలో తల పెట్టి దాదాపు కూర్చోబెట్టినట్టే పట్టుకుంటుంది. పిండి తీసిన తన పాలను ఉగ్గుగిన్నెలో పోసి, దాని ముక్కును బాగున్న వైపు బుగ్గ లోపలికి ఆనించి, కొద్దికొద్దిగా వంచుతుంది. వాడు మింగేదాకా ఆగుతుంది. మూడు నాలుగు గుక్కలకోసారి ఎడమ ముక్కులోంచి పాలబుడగ వస్తుంది. మెత్తటి నూలుగుడ్డతో తుడుస్తుంది. భుజాన వేసుకుని త్రేనుపు వచ్చేదాకా వీపు నిమురుతుంది. మళ్లీ గిన్నె. ఇలా అరగంట. రాత్రీ పగలూ కలిపి రోజుకు ఎనిమిది సార్లు. పిల్లవాడు బరువు పెరిగాడంటే ఆ ఇంట్లో ఒక మనిషి అన్ని గంటలు అలా కూర్చుంది కాబట్టే.

మేనకోడలు: రొమ్ము పట్టించాలని అక్క, అదే మీ కోడలు, మొదట్లో ఎంత తంటాలు పడిందో మీకు తెలియదు. పెదవి ఒక్కటే చీలితే చాలామంది పిల్లలు తల్లి దగ్గరే తాగగలరు. అంగిలి చీలితే నోట్లో పీల్పు పుట్టదు. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే. తప్పు అక్క పాలదీ కాదు, పిల్లాడి ఆకలిదీ కాదు.

మేనమామ: తప్పంటే గుర్తొచ్చింది. నేను కోడల్ని ఒక్క మాట అనలేదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలా వద్దా? పోయిన ఏడాది సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి, సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి పది కావస్తుండగా పట్టు, ఒకటిన్నరకు విడుపు. ఆ పిల్లకి అయిదో నెల. గదిలోంచి కదలొద్దని మీ అత్తయ్య పదేపదే చెప్పింది. ఉక్కపోస్తోందని పదకొండింటికి డాబా మీదికి వెళ్లింది. నేను కళ్లారా చూశాను. గ్రహణం మొర్రి అని పెద్దలు ఊరికే అన్నారా?

మేనకోడలు: ఆస్పత్రి ఫైలు తెప్పించండి మామయ్యా. అందులో కడుపులో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ రిపోర్టు ఉంటుంది. తేదీ మీరే చదవండి.

మేనమామ: ఆగస్టు 30, 2025.

మేనకోడలు: కింద చివరి వరస?

మేనమామ: ఎడమ పైపెదవిలో చీలిక కనిపిస్తోంది అని రాసి ఉంది.

మేనకోడలు: గ్రహణానికి ఎనిమిది రోజుల ముందు రాసిన రిపోర్టు అది. ఆ మాటకొస్తే స్కాన్‌లో కనపడటమే చాలా ఆలస్యం. గర్భం లెక్కలో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు పైపెదవి కట్టేస్తుంది. ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య అంగిలి కలుస్తుంది. అంటే అక్క నెల తప్పిందని మీకు తెలిసే సరికే పెదవి పని ముగిసిపోయింది. జూన్‌లో జరిగినదానికి సెప్టెంబరు గ్రహణం ఎలా కారణమవుతుంది?

మేనమామ: స్కాన్‌లో తెలిసిన సంగతి మావాడు నాకెందుకు చెప్పలేదు?

మేనకోడలు: చెబితే ఏమనేవారు?

ఆయన జవాబు చెప్పలేదు. ఇది రాస్తున్నవాణ్ణిగా నేను ఇక్కడ ఒక మాట అనాలి. స్కాన్ రిపోర్టులో ఈ ఒక్క వాక్యం చూసి, పిల్లకు మరే లోపమూ లేకపోయినా తీయించేయమని చెప్పే బంధువులున్నారు, వైద్యులూ ఉన్నారు. నిర్ణయం తల్లిది, ఆమెదే కావాలి. కానీ గుండె, వెన్ను, మెదడు సరిగా ఉన్నాయో లేదో చూసి, ఉన్నది చీలిక ఒక్కటే అయితే అది ఆపరేషన్‌తో సరిచేయగలిగేదని, ఇలాంటి పిల్లలు చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారని ఆమెకు ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. ఆ తర్వాత తీసుకున్న నిర్ణయమే ఆమెది అవుతుంది. అయిదు నిమిషాల్లో భయపెట్టి తీసుకున్న సంతకం ఆమె నిర్ణయం కాదు.

మేనమామ: సరే, గ్రహణం కాదనుకుందాం. మరి ఏమిటి?

మేనకోడలు: మొహం ఒక్క ముక్కగా తయారవదు. నుదుటి వైపు నుంచి ఒక భాగం కిందికి దిగుతుంది. రెండు చెంపల వైపు నుంచి రెండు భాగాలు ముందుకు వస్తాయి. మూడూ ముక్కు రంధ్రాల కింద కలుస్తాయి. అద్దంలో చూసుకోండి, ముక్కుకీ పైపెదవికీ నడుమ చిన్న పల్లం, దానికి అటూ ఇటూ రెండు గట్లు ఉంటాయి. అతుకు పడింది దాదాపు ఆ గట్ల దగ్గరే. మీకూ నాకూ అక్కడ ఒకప్పుడు సందే ఉండేది. అది పూడింది. వీడికి ఎడమవైపు పూడలేదు. కుడివైపు కంటే ఎడమవైపు చీలికే ఎక్కువగా కనిపిస్తుంది, పెదవి చీలిక ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. అంగిలి ఒక్కటే చీలడం మాత్రం ఆడపిల్లల్లో ఎక్కువ.

మేనమామ: అంగిలీ అలాగేనా?

మేనకోడలు: అంగిలి ఇంకా చిత్రం. మొదట్లో దాని రెండు రెక్కలు నాలుకకు చెరో పక్కన కిందికి వేలాడుతుంటాయి. దవడ పెరిగి నాలుక కిందికి జారగానే అవి పైకి లేచి అడ్డంగా తిరిగి మధ్యలో కలుస్తాయి. ముందు నుంచి వెనక్కి, కొండనాలుక దాకా అతుక్కుంటూ పోతాయి. ఆ కదలికలో ఎక్కడ కొద్ది రోజులు ఆలస్యమైనా సందు మిగిలిపోతుంది.

మేనమామ: ఆలస్యం ఎందుకైందన్నదే కదా నా ప్రశ్న.

మేనకోడలు: ఒక్క కారణం ఉండదు మామయ్యా. ప్రపంచంలో సుమారు 700 కాన్పులకు ఒకటి ఇలా ఉంటుంది. గ్రహణాన్ని నమ్మే దేశంలోనూ, నమ్మని దేశంలోనూ. వంశంలో నడిచే జన్యువులు కొన్ని ఉన్నాయి. కానీ అవే అంతా కాదు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి చీలిక ఉంటే రెండోవారికి ఉండేది సగం సార్లు, అటూ ఇటూగా. జన్యువులే మొత్తం నడిపితే ఇద్దరికీ ఉండాలి కదా. తల్లికి గర్భానికి ముందు నుంచే షుగర్ ఉంటే, పొగ తాగితే ప్రమాదం పెరుగుతుంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్, ఫెనిటోయిన్ లాంటి మందులతోనూ పెరుగుతుంది. అలాగని మూర్ఛ మాత్రలు సొంతంగా మానేయకూడదు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. పిల్లల కోసం అనుకున్నప్పుడే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. మన ప్రాంతంలో నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో వయసు పిల్లలుంటే ఇది వాళ్లకు చెప్పి తీరాలి.

మేనమామ: నువ్వు ఒకటి దాస్తున్నావు. మేనరికం. మావాడికి మీ అత్తయ్య అన్నగారి కూతుర్ని చేసుకున్నాం. ముహూర్తం పెట్టింది నేనే.

మేనకోడలు: దాచను. దగ్గర సంబంధాల్లో ఈ చీలిక వచ్చే అవకాశం కొంత పెరుగుతుందని అధ్యయనాలు ఉన్నాయి. కానీ వీడికి వచ్చింది దానివల్లేనని ఎవరూ వేలెత్తి చూపలేరు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఏ చుట్టరికమూ లేనివాళ్లు బోలెడుమంది. తర్వాతి కాన్పు గురించి భయపడుతున్నారేమో, అది కూడా చెబుతాను. తల్లిదండ్రులకు చీలిక లేకుండా ఒక బిడ్డకు ఉంటే, మరో బిడ్డకు వచ్చే అవకాశం నూటికి నాలుగైదు. మిగతా తొంభై అయిదుగురు మామూలుగానే పుడతారు. ఈసారి నెల తప్పకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములు. వెన్నుపాము లోపాలను అది తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు ఉంది. చీలిక విషయంలో రుజువు అంత గట్టిది కాదు. అయినా వేసుకోవాలి.

మేనమామ: అన్నీ ఒప్పుకున్నా, ఆచారం వల్ల నష్టం ఏముందో చెప్పు. నాలుగు గంటలు గదిలో కూర్చుంటే సొమ్మేం పోయింది? 1980 ఫిబ్రవరిలో సంపూర్ణ సూర్యగ్రహణం నాకు గుర్తే. రాష్ట్రం మీదుగానే నీడ పోయింది. రోడ్డు మీద పిట్ట లేదు. ఆ జాగ్రత్త తప్పా?

మేనకోడలు: ఆ నీడను చూడటానికే జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రవేత్తలు పోగయ్యారు మామయ్యా. ఒకే రోజు ఒకళ్లు తలుపులు వేసుకున్నారు, ఒకళ్లు పైకి చూశారు. మన పెద్దలొక్కళ్లే అన్న మాట కూడా కాదిది. మెక్సికోలో ఆజ్టెక్‌లు చంద్రుణ్ణి ఏదో కొరికిందని, గర్భిణి చూస్తే బిడ్డ పెదవికీ ఆ కొరుకుడు పడుతుందని నమ్మి పొట్ట మీద గాజురాయి కత్తి పెట్టుకునేవారు. ఇప్పుడక్కడ పిన్నీసు పెట్టుకుంటున్నారు. ఆకాశంలో వంకర కనపడగానే మొహంలో వంకరకు ముడిపెట్టడం మనిషికి తేలిక. సరే, నష్టం అడిగారు. షుగర్ ఉన్న గర్భిణిని అన్ని గంటలు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా కూర్చోబెట్టడం నష్టం. ఇంకోటి మీ ఇంట్లోనే ఉంది. వీడికి 21వ రోజున బారసాల ఎందుకు చేయలేదు?

మేనమామ: ఆపరేషన్ అయ్యాక చేద్దామని.

మేనకోడలు: నలుగురూ చూస్తారని. అక్కకి అర్థం కాదనుకున్నారా? డాబా మీదికి వెళ్లిన ఆ పది నిమిషాలు ఆమె ఇప్పటికీ మోస్తోంది. నిన్న రాత్రి నన్నడిగింది, నేను ఆరోజు ఎక్కకపోయి ఉంటే వీడు బాగుండేవాడు కదా అని. మీరు ఒక్క మాట అనలేదు, నిజమే. అననక్కర్లేకపోయింది.

గ్రహణం నమ్మకాన్ని అజ్ఞానమని తీసిపారేస్తే సరిపోదు. అది కుటుంబానికి ఒక కారణం చేతికిస్తుంది, ఆ కారణం ఎప్పుడూ తల్లి చేసిన పనిలోనే ఉంటుంది. కూర కోసింది, సూదిలో దారం ఎక్కించింది, బయటికి వచ్చింది. తండ్రి గ్రహణం నాడు ఏం చేశాడని ఎవరూ అడగరు. కర్మ అనుకున్న చోట చికిత్స కూడా మొహం మీది గీత దాకా వచ్చి ఆగిపోతుంది, బయటికి కనపడే మచ్చ పోయింది కదా అని. పెదవికి ఆపరేషన్ అయి, అంగిలి అలాగే వదిలేసిన మనుషులు మన ఊళ్లలో అందుకే ఇంతమంది మిగిలారు. మీర్జాపూర్ జిల్లా పిల్ల పింకీ కథతో తీసిన స్మైల్ పింకీ డాక్యుమెంటరీ 2009లో ఆస్కార్ గెలిచినప్పుడు దేశమంతా మొర్రి గురించి మాట్లాడింది, అది మంచిదే. కాకపోతే పెదవి మారడం కెమెరాకు కనపడుతుంది. అంగిలి మారడం ఏ కెమెరాకూ అందదు.

మేనమామ: ఇప్పుడు అసలు సంగతికి రా. అంగిలి చీలి ఉంటే వాడికి వచ్చే కష్టం ఏమిటి? గొంతు ఉంది, నాలుక ఉంది, పెదవి కుట్టారు. మాట రాకపోవడమేమిటి?

మేనకోడలు: మాట వస్తుంది. ఎలా వస్తుందో మీరే చెప్పగలరు. ముప్పై ఏళ్లు పిల్లలకు వర్ణమాల చెప్పారు. ప వర్గం చెప్పండి.

మేనమామ: ప ఫ బ భ మ.

మేనకోడలు: అయిదింటికీ పెదవులు ఒక్కలాగే మూసుకుంటాయి. మరి బకీ మకీ తేడా ఏమిటి?

మేనమామ: మ అనునాసికం. గాలి ముక్కులోంచి పోతుంది.

మేనకోడలు: ఇదిగో చిన్న అద్దం. ముక్కు కింద పట్టుకుని ‘పాప’ అనండి. అద్దం శుభ్రంగా ఉంది. ఇప్పుడు ‘మామ’ అనండి. ఆవిరి పట్టింది చూశారా? ‘పాప’ అన్నప్పుడు మెత్తటి అంగిలి పైకి లేచి వెనక గోడకి ఆని ముక్కుదారి మూసేసింది. ‘మామ’కి తెరిచింది. పరుషాలు, సరళాలు అన్నీ ఆ తలుపు మూసి నోట్లో గాలి బిగబడితేనే పుడతాయి. క చ ట త ప, గ జ డ ద బ. వీడికి ఆ తలుపు రెండు ముక్కలై ఉంది, మూతపడదు. నోట్లో గాలి నిలవదు. అప్పుడు ప వర్గంలో వాడికి ఏది మిగులుతుంది?

మేనమామ: మ.

మేనకోడలు: త వర్గంలో?

మేనమామ: న.

మేనకోడలు: అందుకే అంగిలి బాగుచేయని పిల్లలు ‘పప్పు’ని ‘మమ్ము’ అంటారు. ‘బాబు’ని ‘మాము’ అంటారు. ‘తాత’ని ‘నాన’ అంటారు. ‘కాకి’ అనబోతే క రాక గొంతులో చిన్న పట్టు వస్తుంది. మనిషి తెలివితక్కువవాడు కాదు. చెవికి వినపడింది ఒకటి, నోటికి సాధ్యమైంది ఇంకొకటి. ఆరేడు నెలలకి పిల్లలు బాబాబా, దాదాదా అని తమకి తామే సాధన చేస్తారు చూడండి, ఆ వయసు నుంచే వీడు తప్పుదారి పట్టడం మొదలవుతుంది. ప పలకడానికి పెదవులు పనికిరావని తేల్చుకుని గొంతుతో ప్రయత్నిస్తాడు. అది అలవాటుగా స్థిరపడ్డాక అంగిలి కుట్టినా అలవాటు పోదు.

మేనమామ కొంతసేపు అద్దం చేతిలో పట్టుకుని వర్గాలన్నీ వరసగా మెల్లగా పలికి చూసుకున్నారు. ఙ, ఞ, ణ, న, మ దగ్గర మాత్రమే అద్దం మసకబారింది.

మేనమామ: నీ వ్యాకరణం బాగుంది. కానీ కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకూడదు. ఏడాది నిండని పిల్లాడికి మళ్లీ మత్తు. ఆపైన, చిన్నప్పుడే అంగిలి కోస్తే పైదవడ ఎదగదని ఆస్పత్రిలో పక్కమంచం వాళ్లు చెప్పారు. అది అబద్ధమా?

మేనకోడలు: అబద్ధం కాదు. ఆ గాయం మచ్చ పైదవడ ఎదుగుదలను కొంత పట్టి ఉంచుతుంది. శ్రీలంకలో 1980ల మధ్య నుంచి మైకేల్ మార్స్ అనే లండన్ డాక్టరు బృందం ఏ ఆపరేషనూ లేకుండా పెద్దవాళ్లయిన వందలమందిని పరీక్షించింది. వాళ్ల పైదవడలు చాలావరకు చక్కగా ఎదిగే ఉన్నాయి.

మేనమామ: అదే కదా నేననేది! వాడికి పన్నెండో పదిహేనో వచ్చాక చేయిద్దాం. దవడా నిలుస్తుంది, పిల్లాడూ గట్టిపడతాడు.

మేనకోడలు: రెండో సగం వినండి. అదే శ్రీలంకలో పెద్దయ్యాక అంగిలి కుట్టించుకున్నవాళ్ల మాటను కూడా పరీక్షించారు. రంధ్రం పూడింది. మాట మాత్రం చాలామందికి బాగుపడలేదు. దవడ వెనకబడితే పదిహేడు పద్దెనిమిదేళ్లకి దాన్ని ముందుకు జరిపే ఆపరేషన్ ఉంది. పోయిన మాటకి అలాంటి ఆపరేషన్ లేదు. అందుకే లోకమంతటా సర్జన్లు దవడను కొంత పణంగా పెట్టి మాటను ఎంచుకున్నారు. ఎంత తొందరగా అన్నదాని మీద కూడా పరీక్ష జరిగింది. యూరప్‌లో, దక్షిణ అమెరికాలో 23 కేంద్రాల్లో అంగిలి మాత్రమే చీలిన 558 మంది పిల్లల్ని తీసుకుని సగంమందికి 6 నెలలకి, సగంమందికి 12 నెలలకి చేశారు. 2023లో ఫలితం వచ్చింది. అయిదేళ్ల వయసులో ముక్కుదారి సరిగా మూతపడనివాళ్లు తొందరగా చేసినవాళ్లలో నూటికి 9 మంది, ఏడాదికి చేసినవాళ్లలో 15 మంది. వీడికి పెదవి, చిగురు కూడా చీలాయి, బరువూ చూసుకోవాలి, అందుకే మీ సర్జన్ పది పన్నెండు నెలలు అన్నారు. అది దాటించొద్దు.

మేనమామ: మన ఊళ్లో ఎరువుల కొట్టు అబ్బాయి ఉన్నాడు. చిన్నప్పుడు క్యాంపులో పెదవి ఒక్కటే కుట్టారు. అంగిలి అలాగే ఉంది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, వ్యాపారం బ్రహ్మాండంగా ఉంది.

మేనకోడలు: అతను ఫోన్ ఎత్తడం చూశారా ఎప్పుడైనా?

మేనమామ: వాళ్లావిడ ఎత్తుతుంది.

మేనకోడలు: బస్తా ధర అడిగితే?

మేనమామ: కాగితం మీద రాసి చూపిస్తాడు. చిన్నప్పుడూ అంతే. మంచి దస్తూరి. క్లాసులో పాఠం చదవమని వాణ్ణి ఎప్పుడూ లేపేవాణ్ణి కాదు, మిగతావాళ్లు నవ్వుతారని.

ఇది చెప్పాక మేనమామ ఇంకేమీ వాదించకుండా లేచి లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చారు. ఆ కొట్టు నాకూ తెలుసు. బల్ల మీద క్యాలెండరు వెనకవైపు కాగితాలు చదరంగా కోసి క్లిప్పు పెట్టి ఉంటాయి. లెక్కలకని అనుకునేవాణ్ణి. అతని మాటలవి.

మేనమామ: అంగిలి కుడితే అయిపోయినట్టేనా?

మేనకోడలు: కాదు. చెవి నుంచి గొంతులోకి ఒక గొట్టం ఉంటుంది. దాన్ని తెరిచే కండరం అంగిలిలోనే ఉంది. అది పనిచేయక చెవుల్లో జిగురునీరు చేరి వినికిడి తగ్గుతుంది. పరీక్ష చేయిస్తూ ఉండాలి, అవసరమైతే కర్ణభేరిలో గ్రొమెట్ అనే బుల్లి గొట్టం పెడతారు. కుట్టిన చోట చిన్న రంధ్రం మిగలొచ్చు, కొందరికి మాట కోసం మరో ఆపరేషన్ పడొచ్చు. సర్జన్ చేసేది రంధ్రం పూడ్చడం ఒక్కటే కాదు, దారితప్పి ముందువైపు పోయిన కండరాలను వెనక్కి తిప్పి అడ్డంగా కలుపుతాడు. తలుపు ఆడేది దానివల్లే. కుట్టాక నా పని. ఎనిమిది తొమ్మిదేళ్లప్పుడు, కోరపన్ను దిగకముందే, తుంటి దగ్గర కొద్దిగా ఎముక గుల్ల తీసి చిగురు సందులో నింపుతారు. పన్ను ఆ ఎముకలోకి దిగుతుంది. తర్వాత పళ్లకు క్లిప్పులు. ముక్కు, దవడ ఆపరేషన్లు ఎదుగుదల ఆగాక, కావాలంటేనే.

మేనమామ: పద్దెనిమిదేళ్ల పని చెబుతున్నావు. డబ్బు సంగతి కాదు, అది ఎన్టీఆర్ వైద్య సేవలో అయిందన్నారు. మనిషి ఏడీ? పెదవికి పదిరోజులు విశాఖలో ఉంటే మావాడికి పదిరోజుల జీతం పోయింది. కోడలితో పాటు మీ అత్తయ్య వెళ్లాలి, ఆవిడకి మోకాళ్లు. ఇక్కడ నాకు ఎసరు పెట్టేవాళ్లు లేరు. నువ్వు వారం వారం మాట నేర్పిస్తానంటావు. శ్రీకాకుళం వెళ్లి రావడానికి ఒక పూట. మేం పెన్షనుదారులం, ఎలాగో ఈదుతాం. కూలికి పోయేవాళ్లు ఏం చేస్తారు?

ఈ వాదంలో మేనమామ వైపు నుంచి వచ్చిన అన్ని మాటల్లోకీ బరువైనది ఇదే. పూర్తి న్యాయం ఆయన వైపే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుక లోపాల కింద చీలిన పెదవి, అంగిలి ఉన్నాయి. స్మైల్ ట్రైన్ లాంటి సంస్థలు ఆస్పత్రులకు డబ్బు కట్టి ఉచితంగా చేయిస్తున్నాయి. హైదరాబాదులో, చెన్నైలో, త్రిశ్శూరులో చీలికల కోసమే పనిచేసే కేంద్రాలు ఏళ్లుగా ఉన్నాయి. కత్తికి కొరత లేదు. నెలల తరబడి పిల్ల పక్కన కూర్చుని ప అనిపించే మనిషి మాత్రం మండలంలో లేదు. సర్కారు ఒక ఆపరేషన్‌ను లెక్కపెట్టినంత సులువుగా ఒక అక్షరాన్ని లెక్కపెట్టలేదు. బస్సు చార్జీ, పోయిన కూలి ఏ ప్యాకేజీలోనూ లేవు. ఇది మారాలని తల్లిదండ్రులు అడగాలి, వైద్యులు అడగాలి, మనలాంటి వాళ్లం రాయాలి.

మేనకోడలు: మీరన్నదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు మామయ్యా. సగం జవాబు ఉంది. నెలకోసారి మీరు రండి, మిగతా వారాలు వీడియో కాల్‌లో చూస్తాను. రోజువారీ సాధన ఇంట్లోనే జరగాలి. రోజుకి పది పదిహేను నిమిషాలు, రెండు మూడుసార్లు, ఆటలాగే. పెదవుల మీద దూదిపింజ పెట్టి ఊదించాలన్న పాతకాలపు పద్ధతి వద్దు, ఊదడం వచ్చినంత మాత్రాన మాట రాదు. శబ్దాన్నే నేర్పాలి. అక్కకి పాలు పట్టడంతోనే సరిపోతోంది. ఈ పనికి వర్ణాల స్థానాలు, ప్రయత్నాలు తెలిసినవాళ్లు కావాలి.

మేనమామ: అంటే నేను.

మేనకోడలు: ఇప్పటి నుంచే. ఆపరేషన్‌కి ముందు వాడిచేత ప, బ పలికించాలని పట్టుపట్టొద్దు, రాకపోతే గొంతుతో నెట్టడం నేర్చుకుంటాడు. మ, న, య, ల, అచ్చులు, వీటితో ఆడించండి. మీ నోరు వాడికి కనపడేలా ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ప వర్గం ఆపరేషన్ తర్వాత.

మేనమామ: నవంబరు నెలాఖరుకి పది నెలలు నిండుతాయి. ఆ తర్వాతి వారాల్లో మంచిరోజు చూస్తాను. అది మాత్రం నువ్వు కాదనొద్దు.

మేనకోడలు: కాదనను. సర్జన్ ఇచ్చిన వారంలో మీకు నచ్చిన రోజు పెట్టించండి, ఫోన్ నేనే చేస్తాను. కానీ ఆ రోజుకి వాడికి జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ముహూర్తం ఎంత మంచిదైనా మత్తు ఇవ్వరు, వెనక్కి పంపుతారు. రక్తం 10 గ్రాములకు తగ్గకూడదు, అక్టోబరులో ఒకసారి చూపించండి. ఆ బారసాల మాత్రం నవంబరు దాకా ఆపకండి.

మేనమామ: వచ్చే గురువారం మంచిరోజే. పిలుపులు మొదలుపెట్టమని మీ అత్తయ్యకి చెప్పు.